వైర్ మెష్ జాలీతో డెక్ రెయిలింగ్ ఎలా కట్టుకోవాలి

ఇంటికి ఆనుకుని చెక్కతో కట్టే ఎత్తు వేదికనే డెక్ అంటారు. దానికి రెయిలింగ్ పెడదాం అనుకోగానే అందరి దృష్టీ జాలీ మీదకే పోతుంది. గడి ఎంత ఉండాలి, నలుపు రంగు బాగుంటుందా, స్టెయిన్‌లెస్ తీసుకోవాలా అని తర్జనభర్జన మొదలవుతుంది. అదంతా చూసుకోవలసిందే. కానీ నలుగురు ఫొటో కోసం అంచున ఆనుకుని నిలబడినప్పుడు ఆ బరువంతా చివరికి చేరేది గుంజ అడుగున ఉన్న రెండు బోల్టుల దగ్గరికే. అందుకే ఇక్కడ జాలీ మాట కాస్త ఆలస్యంగా వస్తుంది. గుంజలు గట్టిగా నిలిస్తే జాలీ బిగించడం చాలా తేలిక.

జాలీ రెయిలింగ్‌కు ఉన్న సుగుణాలు చాలా. ఎదురుగా ఉన్న చెట్టూ చేమా కనిపిస్తూనే ఉంటాయి. గాలి ఆడుతుంది. నిలువు చువ్వలు పదుల కొద్దీ కోసి, ఒక్కొక్కటీ సమదూరంలో బిగించే చాకిరీ ఉండదు. రెండు గుంజల మధ్య ఒకే పలకగా కూర్చుంటుంది కాబట్టి ఎక్కడైనా దెబ్బతింటే ఆ ఒక్క పలకే మార్చుకోవచ్చు.

ముందు నియమాలు తెలుసుకోండి

రెయిలింగ్ అందం కోసం పెట్టేది కాదు, పడిపోకుండా ఆపడానికి పెట్టేది. కాబట్టి చాలా దేశాల్లో దీనికి కొలతలు రాసిపెట్టారు. అమెరికాలో ఇళ్లకు వర్తించే ఐఆర్‌సీ కోడ్ ప్రకారం డెక్ నేలకంటే 30 అంగుళాలకు (762 మి.మీ.) మించి ఎత్తులో ఉంటే రెయిలింగ్ తప్పనిసరి. దాని ఎత్తు కనీసం 36 అంగుళాలు (914 మి.మీ.) ఉండాలి. 4 అంగుళాల బంతి ఏ సందులోంచీ దూరకూడదు. పై రెయిల్ మీద ఎక్కడ తోసినా 200 పౌండ్ల, అంటే సుమారు 90 కిలోల ఒత్తిడికి తట్టుకోవాలి. బ్రిటన్‌లో బాల్కనీ రెయిలింగ్ ఎత్తు 1.1 మీటర్లు. ఆస్ట్రేలియాలో 1 మీటరు, సందు 125 మి.మీ. లోపు.

మీరు ఉండే చోట ఏ లెక్క నడుస్తుందో పని మొదలుపెట్టే ముందే భవన అనుమతులిచ్చే స్థానిక కార్యాలయంలో కనుక్కోండి. గుంజలు కోశాక తెలిస్తే ఎత్తు పెంచే దారి ఉండదు. ఈ వ్యాసంలో ఉదాహరణకు 1 మీటరు ఎత్తు తీసుకుంటున్నాను. మీ నియమం ఇంకా ఎక్కువ అడిగితే అదే ఖాయం చేసుకోండి.

డెక్ గట్టిగా ఉందా?

గుంజలను బిగించేది డెక్ చుట్టూ ఉన్న అంచు దూలానికి. ఆ దూలం పుచ్చిపోయి ఉంటే పైన ఎంత మంచి రెయిలింగ్ కట్టినా వృథా. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని అంచు దూలం పొడవునా, ముఖ్యంగా మూలల్లోనూ డెక్ పలకల కింద నీరు నిలిచే చోట్లలోనూ గుచ్చి చూడండి. మొన సులువుగా లోపలికి దిగితే అక్కడి చెక్క పాడైనట్టే. ఆ దూలం మార్చిన తర్వాతే రెయిలింగ్ సంగతి. అలాగే అంచు దూలం లోపలి దూలాలకు కేవలం మేకులతో అంటుకుని ఉందేమో చూడండి. మేకులు చెక్క నుంచి నిలువునా ఊడి వచ్చేస్తాయి. రెయిలింగ్ తోపు సరిగ్గా ఆ దిశలోనే పనిచేస్తుంది.

గుంజలు: అసలు పని ఇక్కడే

89 × 89 మి.మీ. కొలత ఉన్న, పుచ్చకుండా మందు పట్టించిన చెక్క గుంజలు వాడండి. రెండు గుంజల మధ్య దూరం 1.8 మీటర్లు దాటనివ్వకండి. 1.5 మీటర్ల దగ్గర ఉంటే ఇంకా నిబ్బరంగా ఉంటుంది.

గుంజ మీద పడే బలం ఎంతో ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. పైన 90 కిలోల తోపు పడింది. అది డెక్ పలకల నుంచి 915 మి.మీ. ఎత్తున పడిందనుకోండి. గుంజ కింది బోల్టు పలకల పై మట్టం నుంచి 185 మి.మీ. కిందికి ఉంది. అంటే కింది బోల్టు నుంచి చూస్తే తోపు 1,100 మి.మీ. దూరంలో పడుతోంది. పై బోల్టు మాత్రం కింది బోల్టుకు 130 మి.మీ. దూరంలోనే ఉంది. 1,100ను 130తో భాగిస్తే దాదాపు ఎనిమిదిన్నర. పైన 90 కిలోలతో తోస్తే ఆ ఒక్క పై బోల్టును సుమారు 760 కిలోల బలం బయటికి లాగుతుంది. గునపంతో బండరాయిని ఎత్తే సూత్రమే ఇది, కాకపోతే ఇక్కడ రాయి స్థానంలో మీ బోల్టు ఉంది.

ఈ లెక్క తెలిశాక కింది నాలుగు విషయాలూ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

చెక్కలోకి మరలాగా దిగే లాగ్ స్క్రూలు వద్దు. గుంజనూ దూలాన్నీ దాటి అవతల నట్టు పడే 12 మి.మీ. బోల్టులు రెండు వాడండి. రెండు వైపులా పెద్ద వాషర్లు వేయండి. వాషర్ చిన్నదైతే బిగించేకొద్దీ చెక్కలోకి కూరుకుపోతుంది.

బోల్టుల మధ్య నిలువు దూరం వీలైనంత ఎక్కువ ఉంచండి. అయితే దూలం పై అంచు నుంచీ కింది అంచు నుంచీ కనీసం 50 మి.మీ. దూరం వదలాలి, లేదంటే చెక్క చీలుతుంది.

గుంజ అడుగున సగం మందం గాడి కోసి దూలం మీద కూర్చోబెట్టే అలవాటు చాలామందికి ఉంది. చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది, నిజమే. కానీ ఎక్కడైతే బలం అత్యధికంగా పడుతుందో సరిగ్గా అక్కడే గుంజను సగం చేసినట్టు అవుతుంది. ఆ కోత మూల నుంచే చీలిక మొదలవుతుంది. దయచేసి గుంజలో గాడి కోయకండి.

పై బోల్టును ఒక్క అంచు దూలానికే వదిలేయకుండా, దాన్ని లోపలి దూలానికి కలిపే లోహపు బ్రాకెట్ వేయండి. హోల్డ్‌డౌన్ అనో టెన్షన్ టై అనో అమ్ముతారు. బోల్టు ఆ బ్రాకెట్‌లోంచి వెళ్తుంది, బ్రాకెట్ లోపలి దూలానికి స్క్రూలతో అంటుకుంటుంది. లోపలి దూలాలు అంచుకు సమాంతరంగా పోయే వైపున గుంజకు ఇరువైపులా అడ్డ దిమ్మెలు బిగించి, తోపు రెండో దూలం దాకా చేరేలా చూడండి.

బిగించే వరుస ఇలా. ముందు రెండు చివరి గుంజలు నిలబెట్టి, రసమట్టంతో రెండు ముఖాలూ నిలువు చూసి, క్లాంపుతో పట్టించండి. రంధ్రం వేసి బోల్టులు వేయండి, ఇంకా పూర్తిగా బిగించకండి. ఆ రెండింటి పైభాగాల మధ్య దారం లాగి, మధ్య గుంజలను ఆ దారానికి తాకీ తాకనట్టు నిలపండి. అన్నీ ఒకే గీతలో ఉన్నాయని తేలాకే పానాతో బిగించండి. మందు పట్టించిన చెక్క తరచూ తడిగానే వస్తుంది. ఎండేకొద్దీ కుంచించుకుపోయి బోల్టులు వదులవుతాయి. కొన్ని నెలల తర్వాత మళ్లీ బిగించాలి కాబట్టి నట్టు చేతికి అందే వైపు ఉంచుకోండి.

ఇంకో సంగతి. ఈ చెక్కలకు పట్టించే మందులో రాగి ఉంటుంది, తేమ తగిలితే అది మామూలు ఇనుమును త్వరగా తినేస్తుంది. పలచటి మెరుపు పూత ఉన్న బోల్టులు ఇక్కడ నిలవవు. హాట్‌డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసినవి) లేదా స్టెయిన్‌లెస్ మాత్రమే వాడండి. అల్యూమినియం బ్రాకెట్ అయితే ఆ చెక్కను నేరుగా తాకకూడదు.

జాలీ ఎంచుకోవడం

చుట్టగా వచ్చే జాలీ జోలికి పోకండి. దాన్ని ఎంత సాగదీసినా వంపు పోదు, బిగించాక కూడా పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తుంది. చదును పలకలుగా వచ్చే వెల్డ్ మెష్ కావాలి. తీగ మందం 4 మి.మీ. తక్కువ కాకుండా చూడండి. చేత్తో ఒక పలక అంచు పట్టుకుని ఊపితే మందం సంగతి వెంటనే తెలుస్తుంది, సన్నతీగ అయితే గుడ్డలా ఊగుతుంది.

గడి విషయంలో 50 × 50 మి.మీ. నాకు నచ్చిన కొలత. 100 × 100 కూడా 4 అంగుళాల బంతి పరీక్షలో నెగ్గుతుంది. తీగ మధ్య నుంచి తీగ మధ్యకు 100 ఉంటే, తీగ మందం పోగా సందు అంతకంటే తక్కువే. కానీ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే 100 గడి అచ్చం నిచ్చెన. కాలు పెట్టి ఎక్కేస్తారు. 50 గడిలో వేళ్ల మొన మాత్రమే ఆనుతుంది. ఇంకా భయం ఉంటే 25 మి.మీ. గడి తీసుకోండి, కాకపోతే అవతలి దృశ్యం కొంత మసకబారుతుంది. కొన్ని దేశాల నియమాలు ఎక్కడానికి వీలుండే రెయిలింగ్‌ను ఒప్పుకోవు కూడా. ఆస్ట్రేలియాలో డెక్ 4 మీటర్లకు మించి ఎత్తున ఉంటే, 150 నుంచి 760 మి.మీ. ఎత్తు మధ్య కాలు ఆనించి ఎక్కే వీలున్న అడ్డ భాగాలు ఉండకూడదు. పశువుల కంచెకు వాడే పలకలు చౌకగా దొరికినా వాటి గడులు చాలావరకు బంతి పరీక్షలో తప్పుతాయి, కొలవకుండా కొనకండి.

తుప్పు సంగతి. వెల్డింగ్ అయ్యాక జింకులో ముంచిన జాలీ మేలు. ముందే పూత వేసిన తీగను తర్వాత వెల్డ్ చేస్తే, ప్రతి అతుకు దగ్గరా జింకు కాలిపోయి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. పౌడర్ కోటింగ్ వేయించుకుంటే దాని కింద కూడా గాల్వనైజింగ్ ఉండేలా చూసుకోండి. సముద్రపు గాలి తగిలే చోట 316 రకం స్టెయిన్‌లెస్ తప్ప మరోటి మనశ్శాంతినివ్వదు.

గడులు రెండు వైపులా సమానంగా రావాలంటే

జాలీ రెయిలింగ్ చేతిపని బాగుందో లేదో ఒక్క చోట తెలిసిపోతుంది. గుంజ పక్కన గడి ఎడమవైపు నిండుగా, కుడివైపు సన్నటి ముక్కగా ఉంటే ఎంత దూరం నుంచైనా కంటికి కొడుతుంది. కోతకు ముందు కాగితం మీద ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు.

మన పద్ధతిలో జాలీ అంచు రెండు చెక్క బద్దల మధ్య ఇరుక్కుంటుంది. ఒక్కో బద్ద గుంజ నుంచి 30 మి.మీ. బయటికి వస్తుంది, మందం 15. జాలీలో అడ్డతీగ మీద నిలువు తీగ కూర్చుంటుంది కాబట్టి 4 మి.మీ. తీగతో చేసిన జాలీ మొత్తం మందం 8. బద్ద 15, జాలీ 8, బద్ద 15, కలిపితే 38. రెయిల్‌కు వాడే చెక్క మందం కూడా 38 కాబట్టి అన్నీ ఒకే మట్టంలో వస్తాయి.

ఇప్పుడు అడ్డం కొలత. డెక్ ఒక వైపు పొడవు 5,100 మి.మీ. అనుకోండి. గుంజ 89ని లెక్క తేలికకు 90 అనుకుంటే, 4 గుంజలకు 360 పోయి 4,740 మిగిలింది. గుంజల మధ్య మూడు ఖానాలు, ఒక్కోటి 1,580. దీన్ని 50తో భాగిస్తే 31 గడులకు 1,550 పోయి 30 మిగులుతుంది. అంటే ఇటు 15, అటు 15. చివరి నిలువు తీగ గుంజకు 15 మి.మీ. దూరంలో, బద్ద వెనక దాక్కుంటుంది. అదే మనకు కావలసింది. ఆ తీగే జాలీని బద్దల మధ్య పట్టి ఉంచే కొక్కెం. మిగులు 10 నుంచి 50 మధ్య ఎంత వచ్చినా 30 మి.మీ. బద్ద దాన్ని కప్పేస్తుంది. 10 కంటే తక్కువ వస్తే గుంజలను కొద్దిగా జరిపి లెక్క సరిచేసుకోండి.

ఎత్తు విషయంలో స్వేచ్ఛ ఇంకా ఎక్కువ. మొత్తం ఎత్తు 1,000. పైన చదునుగా పడుకునే టోపీ పలక 38, దాని కింద నిలువుగా నిలిచే పై రెయిల్ 89. కింది రెయిల్ కూడా 89. కింది రెయిల్‌కూ డెక్‌కూ మధ్య 80 మి.మీ. ఖాళీ ఇస్తే జాలీకి మిగిలేది 704, అంటే 14 గడులకు 700 పోగా 4 మాత్రమే. తీగ బద్దలో సరిగా కూర్చోదు. ఆ ఖాళీని 65కి తగ్గించండి. ఇప్పుడు జాలీ చోటు 719. పైనా కిందా తొమ్మిదిన్నర చొప్పున మిగిలి చక్కగా సరిపోతుంది. 65 ఖాళీలోంచి ఆకులు ఊడ్చేయవచ్చు, బంతి దూరదు.

రెయిళ్లు, బయటి బద్దలు

గుంజలను డెక్ పై మట్టం నుంచి 962 మి.మీ. ఎత్తున ఒకే గీతలో కోయండి. పై రెయిల్, కింది రెయిల్ గుంజల మధ్య కోసి, గాల్వనైజ్డ్ బ్రాకెట్లతో బిగించండి. కోసిన ప్రతి చివరకూ చెక్కమందు పూయండి. మందు చెక్క లోతు దాకా ఇంకి ఉండదు, కోత పడిన చోటు ఉత్త చెక్కే. కింది రెయిల్ మధ్యలో 65 మి.మీ. దిమ్మె ఒకటి పెట్టండి. దాంతో పిల్లలు కింది రెయిల్ మీద ఎక్కి నిలబడినా అది కుంగదు.

ఇక బయటి బద్దలు. వీటి మీద శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే లోపలి నుంచి ఎవరైనా జాలీని తోస్తే, ఆ తోపు ఆనేది వీటికే. 65 మి.మీ. స్టెయిన్‌లెస్ స్క్రూలు, 150 మి.మీ.కు ఒకటి. బద్ద మందం 15 మాత్రమే కాబట్టి ముందు సన్నటి రంధ్రం వేయకపోతే చీలుతుంది. కింది బయటి బద్దను మాత్రం ఒకే ముక్కగా వేయకండి. మూడు ముక్కలు చేసి మధ్యలో 5 మి.మీ. సందు వదలండి. రెండు బద్దల మధ్య జాలీ కూర్చునే ఆ కాలువలో వాన నీరు నిలుస్తుంది, పోయే దారి లేకపోతే మొదట పుచ్చేది కింది రెయిలే.

జాలీ కోత

ప్రతి ఖానానూ విడివిడిగా కొలవండి. కాగితం మీద మూడూ 1,580 అయినా, గుంజ ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ అయి ఉంటుంది. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల అడ్డం కొలిచి తక్కువ వచ్చినదాన్ని తీసుకోండి. రెండు కర్ణాలూ కొలవండి. తేడా 5 మి.మీ. దాటితే ఖానా వంకరగా ఉంది, జాలీని దానికి తగ్గట్టు కోయడం కంటే రెయిల్‌ను సరిచేయడం మంచిది. వచ్చిన కొలతలోంచి అన్ని వైపులా 3 మి.మీ. చొప్పున తగ్గించి, ఖానా నంబరు వేసి రాసుకోండి. మన లెక్కలో జాలీ 1,574 × 713. ఎక్కువ పలకలు ఉంటే ఆ కొలతలకు కోయించి, తర్వాత గాల్వనైజింగ్, కోటింగ్ చేయించుకోవడం అన్నిటికంటే ఉత్తమం. అప్పుడు కోసిన మొనలకు కూడా పూత పడుతుంది.

మీరే కోస్తుంటే యాంగిల్ గ్రైండర్‌కు 1 మి.మీ. కటింగ్ డిస్క్ వేయండి. బోల్ట్ కట్టర్‌తోనూ తెగుతుంది కానీ మొన ఉలిలా నొక్కుకుపోయి పదునుగా మిగులుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా గ్రైండర్ ముట్టుకోవద్దు. తెగిన తీగ ముక్క కంటికేసి ఎగరడానికి క్షణం పట్టదు. కోత డెక్ మీద కాక దూరంగా చేయండి. ఆ నిప్పురవ్వలు ఇనుప రజనే. పలకల మీద పడి వాన తగిలితే నల్లటి మచ్చలవుతాయి, ఎంత కడిగినా పోవు. కోసిన ప్రతి మొననూ ఆకురాయితో రుద్ది, వేలితో తడిమి, గుచ్చుకోకుండా ఉన్నాక జింక్ ఎక్కువగా ఉండే పెయింట్ రెండు పూతలు వేయండి.

బిగింపు

జాలీని తీసుకెళ్లి బయటి బద్దలకు ఆనించండి. అడుగున 3 మి.మీ. మందం ఉన్న చెక్కముక్కలు రెండు పెడితే ఎత్తు దానంతట అదే కుదురుతుంది. రెండు చివర్లలోనూ తీగకూ గుంజకూ మధ్య దూరం కొలిచి సమానం చేయండి. నిలువు తీగలు లోపలివైపు ఉండేలా తిప్పండి, అడ్డతీగలు ముందు ఉంటే పిల్లల కాలికి పట్టు దొరుకుతుంది. కదలకుండా నాలుగు మూలల్లో స్టేపుల్ కొట్టి, లోపలి బద్దలు వేయండి. ఇవి 200 మి.మీ.కు ఒక స్క్రూ చాలు. జిగురు మాత్రం పూయకండి, పలక మార్చవలసి వస్తే ఈ బద్దలే విప్పాలి. ఉత్త స్టేపుల్స్‌తో జాలీని గుంజ ముఖానికి కొట్టి వదిలేసే పద్ధతి కంచెకు సరిపోతుందేమో గానీ, మనిషి ఆనుకునే చోటికి పనికిరాదు.

అన్ని ఖానాలూ అయ్యాక టోపీ పలకను పైన పరిచి, గుంజల్లోకీ రెయిల్‌లోకీ స్క్రూలు దింపండి. రెండు ముక్కలు కలిసే అతుకు గుంజ మీదే రావాలి.

మెట్ల వైపు పని ఇదే, రెయిళ్లు వాలుగా ఉంటాయి అంతే. జాలీ పలకను ఖానా మీద ఆనించి, నిలువు తీగలు నిలువుగానే ఉంచి, వాలు గీతను గుర్తు పెట్టి కోయండి. వాలు అంచున వరుసగా ఒకే తీగ దొరకదు కాబట్టి అక్కడ బద్దలు కొంచెం వెడల్పుగా, 40 మి.మీ. దాకా తీసుకోండి. మెట్టుకూ కింది రెయిల్‌కూ మధ్య మిగిలే ముక్కోణపు సందుకు ఐఆర్‌సీలో 6 అంగుళాల బంతి పరీక్ష ఉంది.

పరీక్ష, తర్వాతి సంరక్షణ

అట్టముక్కను 100 మి.మీ. వ్యాసంతో గుండ్రంగా కోసి ప్రతి సందు దగ్గరా పెట్టి చూడండి. తర్వాత ప్రతి గుంజ దగ్గరా నిలబడి, ఒంటి బరువంతా వేసి లోపలి నుంచి తోయండి. బయటికి మొగ్గే ప్రమాదం ఉంది కాబట్టి ఒక కాలు వెనక గట్టిగా ఆనించి, పక్కన మరొకరు ఉండగా చేయండి. గుంజ కాస్త వంగి వెనక్కి వస్తే పర్వాలేదు. అడుగున చప్పుడు వచ్చినా, గుంజకూ దూలానికీ మధ్య సందు తెరుచుకున్నా బోల్టు, బ్రాకెట్ మళ్లీ చూడాల్సిందే. ఖానా మధ్యలో జాలీని మోకాలితో నొక్కి చూడండి. బద్ద కదలకూడదు.

మొదటి ఎండాకాలం అయ్యాక బోల్టులన్నీ ఒకసారి బిగించండి. ఏడాదికోసారి జాలీని సబ్బునీళ్లతో కడిగి, కింది రెయిల్ సందుల్లో ఇరుక్కున్న ఆకులు తీసేయండి. కోటింగ్ ఎక్కడైనా పెచ్చు లేస్తే ఆ చుట్టూ గీకి, జింక్ పెయింట్ వేసి, పైన అదే రంగు వేయండి. ఒక పలక పూర్తిగా దెబ్బతింటే, లోపలి బద్దల స్క్రూలు విప్పి పాత జాలీ తీసి, మీరు రాసిపెట్టుకున్న ఆ ఖానా కొలతకే కొత్తది కోయించండి. ఆ కాగితాన్ని పెయింట్ డబ్బాతో పాటే దాచుకోండి.